పాచి ఎంత పట్టిందో కొలవడం ఎలా: గాజు, స్టీలు, సిలికాన్ మీద బయోఫిల్మ్ ప్రయోగం మొదటి నుంచి చివరిదాకా

పొద్దున బ్రష్ చేయకముందు నాలుకతో పళ్లను ఒకసారి తడిమి చూడండి. జారుడుగా, మెత్తగా ఒక పొర తగులుతుంది. మనం పాచి అంటాం, ల్యాబ్‌లో బయోఫిల్మ్ అంటారు. బ్యాక్టీరియా ఒక గట్టి ఉపరితలానికి అంటుకుని, చక్కెరలూ ప్రొటీన్లూ డీఎన్‌ఏ కలిసిన జిగురు చుట్టూ పోసుకుని, గుంపుగా కాపురం పెట్టడమన్నమాట. 1680ల్లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఊళ్లో లీవెన్‌హుక్ తన పళ్ల పాచిని గీకి, తానే అరగదీసుకున్న లెన్సు కింద పెట్టి చూశాడు. వెనిగర్‌తో పళ్లు కడిగితే పొర పైపైన ఉన్న జీవులే చచ్చాయని, లోపలిదాకా వెనిగర్ పోలేదని రాసిపెట్టాడు. ఇవాళ మూత్రం కోసం పెట్టే కాథెటర్ మీద, కీలు మార్పిడిలో పెట్టే లోహం మీద డాక్టర్లకి ఎదురయ్యే సమస్య కూడా ఇదే. యాంటీబయాటిక్ పైనున్నవాటిని చంపుతుంది, లోపల దాక్కున్నవి మళ్లీ లేస్తాయి, చాలాసార్లు ఆ వస్తువునే తీసేయాల్సి వస్తుంది.

అందుకే "ఈ మెటీరియల్ మీద బ్యాక్టీరియా తక్కువ అంటుకుంటుందా" అనే ప్రాజెక్టులు మన కాలేజీల్లో చాలా వస్తుంటాయి. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, బీటెక్ బయోటెక్, బయోమెడికల్ వాళ్లు ఎక్కువగా తీసుకుంటారు. ఖరీదైన పరికరాలు లేకుండా, ఉన్న ల్యాబ్‌లోనే దీన్ని నమ్మదగ్గట్టు ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను. నేను చూసినంతలో ఈ ప్రయోగాలు బ్యాక్టీరియా దగ్గర చెడిపోవు, ఉపరితలం దగ్గర చెడిపోతాయి. స్టీలుని పరీక్షిస్తున్నాం అనుకుంటాం గానీ, నిజానికి పరీక్షించేది ఆ స్టీలు మీద ఆ పూట ఏముందో దాన్ని. చేతి జిడ్డు కావచ్చు, సబ్బు కావచ్చు, మీడియంలోని (బ్యాక్టీరియాని పెంచే పోషక ద్రవంలోని) ప్రొటీన్ కావచ్చు. బ్యాక్టీరియాకి ముందు తగిలేది అదే. అందుకే ఈ గైడ్‌లో సగం, బ్యాక్టీరియా రంగంలోకి దిగకముందు చేయాల్సిన పనే.

1. ప్రశ్నని ఒక్క వాక్యంలో రాయండి

"వివిధ మెటీరియల్స్ మీద బయోఫిల్మ్ అధ్యయనం" అన్నది ప్రశ్న కాదు, టైటిల్. "24 గంటల్లో, 37 డిగ్రీల దగ్గర, కదలని మీడియంలో, గాజు మీద కంటే సిలికాన్ మీద స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ ఎక్కువ పడుతుందా?" అన్నది ప్రశ్న. టైము, టెంపరేచరు, కదలిక, జీవి, పోల్చే జత, ఈ అయిదూ ఉంటేనే మొదలుపెట్టండి. మెటీరియల్స్ మూడు చాలు, ఎనిమిది పెట్టుకుంటే ఒక్కటీ సరిగ్గా తేలదు.

జీవి విషయంలో నా సలహా స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్. మన చర్మం మీద ఉండేదే, శరీరంలో పెట్టిన పరికరాల ఇన్ఫెక్షన్లలో మొదటి వరసలో ఉండేదీ ఇదే. ఏటీసీసీ (సూక్ష్మజీవుల నమూనాలు భద్రపరిచే అమెరికా సంస్థ) 35984 స్ట్రెయిన్, అంటే ఆ జీవిలో ఒక రకం, బయోఫిల్మ్ బాగా కడుతుంది, 12228 దాదాపు కట్టదు. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మీ పద్ధతి పనిచేస్తోందో లేదో మొదటి రోజే తెలిసిపోతుంది. చర్మం మీదిదే కదా అని తేలిగ్గా తీసుకోకండి, గ్లవ్స్, సేఫ్టీ క్యాబినెట్ తప్పనిసరి.

2. ముక్కలు కోయడం, కడగడం

24 వెల్ ప్లేటులో (24 గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో) ఒక్కో వెల్ వ్యాసం సుమారు 15.6 మిల్లీమీటర్లు. 10 మిల్లీమీటర్ల చదరపు ముక్క కోస్తే కర్ణం 14.1 వస్తుంది కాబట్టి హాయిగా పడుతుంది. స్లైడు గాజుని డైమండ్ పెన్నుతో గీసి విరవొచ్చు. స్టీలు 316ఎల్ గ్రేడు తీసుకోండి, శరీరంలో పెట్టే ఇంప్లాంట్లలో ఎక్కువగా వాడే స్టీలు అది. షాపులో వర్కర్‌తో కోయించి, 400, 800, 1200 ఎమెరీ పేపర్లతో అదే వరసలో, ప్రతి ముక్కనీ ఒకే దిశలో రుద్దండి. గీతల లోతు మారితే బ్యాక్టీరియా దాక్కునే చోటు మారుతుంది, అప్పుడు మీరు పోల్చేది లోహాన్ని కాదు, గరుకుదనాన్ని.

కడిగే పద్ధతి స్టీలుకీ గాజుకీ ఒకటే: అల్ట్రాసోనిక్ బాత్‌లో (శబ్ద తరంగాలతో కడిగే తొట్టెలో) అసిటోన్‌లో 10 నిమిషాలు, తర్వాత ఇథనాల్‌లో 10, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో 10, ఆ నీళ్లు రెండుసార్లు మార్చాలి. సిలికాన్‌కి అసిటోన్ వద్దు, ఇథనాల్, నీళ్లు చాలు. పాలీస్టైరీన్ (వెల్ ప్లేట్లు చేసే ప్లాస్టిక్) వాడుతుంటే అసిటోన్ దగ్గరకే తీసుకెళ్లొద్దు, కరిగిపోతుంది. ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రంలో) 121 డిగ్రీలకి అది వంకర కూడా పోతుంది, కాబట్టి దానికి 70 శాతం ఇథనాల్ ముంచుడే. స్టీలూ గాజూ సిలికానూ ఆటోక్లేవ్‌కి తట్టుకుంటాయి.

ఫోర్సెప్స్‌తో అంచులు మాత్రమే పట్టుకోండి. గ్లవ్స్ వేసుకున్నా వేలితో ముఖాన్ని తాకొద్దు.

ఒక సంగతి చెప్పాలి. ఒకసారి సోమవారం కడిగిన గాజు ముక్కల్లో కొన్ని వెంటనే వాడాం, మిగతావి ప్లాస్టిక్ కవర్లో వేసి డ్రాయర్లో పెట్టాం. సోమవారం ముక్క మీద నీటిబొట్టు వేస్తే నేలమీద ఒలికిన నీళ్లలా పరుచుకుపోయింది. గురువారం, అదే బ్యాచ్ ముక్క మీద బొట్టు ముద్దగా లేచి నిలబడింది. గాజు మారలేదు. గాలిలోంచీ కవర్లోంచీ వచ్చిన సేంద్రియ పదార్థాలు సన్నటి పొరగా దానిమీద చేరాయి, అంతే. గాజు, టైటానియం లాంటి శుభ్రమైన ఉపరితలాలన్నీ ఇలా గాలికి మారిపోతాయి. అప్పట్నుంచి మా రూలు ఒక్కటే: కడిగిన తర్వాత ఎన్ని గంటలకి వాడాలో ముందే రాసుకోవాలి, ప్రతి బ్యాచ్‌కీ అదే గడువు, మూత ఉన్న గాజు పెట్రీ డిష్‌లోనే నిల్వ.

3. నీటిబొట్టుని అడగండి

తామరాకు మీద నీటిబొట్టు అని మనం మాటవరసకి వాడేదాన్నే 1997లో జర్మనీలో బార్ట్‌లాట్, నైన్‌హుయిస్ సూక్ష్మదర్శినితో విప్పి చూపించారు. ఆకు పైన సూక్ష్మమైన బొడిపెలు, వాటిమీద ఇంకా చిన్న మైనపు గొట్టాలు ఉండటంవల్ల బొట్టు ఆ కొనల మీదే తేలుతూ, దొర్లుతూ దుమ్ముని మోసుకుపోతుంది. పెరట్లో చామాకు ఉంటే దానిమీద చూసినా ఇదే కనిపిస్తుంది. బొట్టు ఉపరితలంతో చేసే కోణాన్ని కాంటాక్ట్ యాంగిల్ అంటారు. 90 కంటే తక్కువైతే నీళ్లంటే ఇష్టపడే ఉపరితలం, ఎక్కువైతే నీళ్లని తోసేది. సిలికాన్ మీద సుమారు 105 నుంచి 110 డిగ్రీలు వస్తుంది, తామరాకు మీద 150 దాటుతుంది.

ఈ కోణాన్ని కొలిచే గోనియోమీటర్ లేకపోయినా కొలవొచ్చు. ముక్కని సమతలంగా పెట్టి, మైక్రోపిపెట్‌తో 2 మైక్రోలీటర్ల బొట్టు నెమ్మదిగా దించండి. వెనకాల తెల్లకాగితం, దాని వెనక లైటు. ఫోన్‌కి మాక్రో లెన్సు తగిలించి, కెమెరాని సరిగ్గా ముక్క ఎత్తుకి దించి ఫొటో తీయండి. ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్ ఉచితం, దానిలో బొట్టు వెడల్పు, ఎత్తు కొలవండి. బొట్టు చిన్నదైతే గోళంలో ఒక ముక్కలా ఉంటుంది కాబట్టి లెక్క తేలిక: ఎత్తుని రెండుతో గుణించి వెడల్పుతో భాగించండి, వచ్చినదానికి టాన్ ఇన్వర్స్ తీసి రెట్టింపు చేయండి. వెడల్పు 2 మిల్లీమీటర్లు, ఎత్తు 1 అయితే సరిగ్గా 90 డిగ్రీలు. వెడల్పు 3, ఎత్తు 0.5 అయితే సుమారు 37. పెద్ద బొట్టు వేస్తే బరువుకి పైన చదునైపోతుంది, ఈ లెక్క పనిచేయదు.

బొట్టు దించిన 10 సెకన్లలోపే ఫొటో అయిపోవాలి. మే నెలలో ఫ్యాను కింద ఈ పని పెట్టుకుంటే బొట్టు ఆరిపోతూ కోణం కళ్లముందే తగ్గిపోతుంది. ఒక్కో ముక్క మీద అయిదు చోట్ల, మూడు ముక్కలు. అయిదు చోట్లా విలువలు 15 డిగ్రీలు అటూ ఇటూ దూకుతుంటే ముక్క శుభ్రంగా లేదని అర్థం, రెండో అడుగుకి వెనక్కి వెళ్లండి. బ్యాక్టీరియాకి వెళ్లేముందు దీన్ని గేటులా వాడండి.

ఇంకొక్క మాట. నీళ్లని తోసే ఉపరితలం బ్యాక్టీరియానీ తోసేస్తుందని చాలామంది రాసేస్తారు. అది నిజం కాదు. సిలికాన్ నీళ్లని తోస్తుంది, అయినా సిలికాన్ కాథెటర్ మీద పాచి చక్కగా పడుతుంది.

4. ప్రొటీన్ పొరని మర్చిపోవద్దు

ముక్కని మీడియంలోనో రక్తంలోనో ముంచిన మరుక్షణం నుంచే ప్రొటీన్లు వచ్చి అతుక్కోవడం మొదలవుతుంది. బ్యాక్టీరియా నెమ్మదిగా వస్తుంది, వచ్చేసరికి అక్కడ లోహం కనబడదు, ప్రొటీన్ కనబడుతుంది. పైగా ఆ పొర స్థిరంగా ఉండదు. రక్తంలో ఎక్కువగా ఉండి తొందరగా చేరే ఆల్బుమిన్ ముందు సీటు పట్టుకుంటుంది, తర్వాత ఫైబ్రినోజెన్ లాంటిది రిజర్వేషన్ ఉన్నవాడిలా వచ్చి దాన్ని లేపి కూర్చుంటుంది, దాన్ని లేపేది ఇంకొకటి వస్తుంది. 1960ల నుంచి దీనిమీద పనిచేసిన లియో వ్రోమన్ పేరుమీద దీన్ని వ్రోమన్ ఎఫెక్ట్ అంటారు. ఏది కూర్చుందన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది: ఆల్బుమిన్ పొర మామూలుగా స్టెఫిలోకాకస్‌ని తగ్గిస్తుంది, ఫైబ్రినోజెన్ అయితే స్టెఫిలోకాకస్ ఆరియస్ లాంటివాటికి పట్టుకునే కొక్కెం దొరికినట్టే.

అందుకే ప్రతి మెటీరియల్‌నీ రెండు గుంపులు చేయండి. ఒకటి మామూలుగా, రెండోది 1 శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్) కలిపిన పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పునీళ్లలో) 37 డిగ్రీల దగ్గర గంటసేపు నానబెట్టి.

ఎంత ప్రొటీన్ అతుక్కుందో కొలుద్దామని చాలామంది ద్రావణంలో ముందూ వెనకా తేడా చూస్తారు. అది ఎందుకు కుదరదో లెక్క వేసి చూడండి. మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము చొప్పున 1 మిల్లీలీటరు పోస్తే అందులో 1000 మైక్రోగ్రాములు ఉంటాయి. ఉపరితలం మీద ఒక్క వరస ప్రొటీన్ అంటే చదరపు సెంటీమీటరుకి ఒక మైక్రోగ్రాములో కొన్ని పదో వంతులే. మీ పిపెట్ తప్పు 1 శాతమే అనుకున్నా అది 10 మైక్రోగ్రాములు. కొలవాల్సినదాని కంటే తప్పే ఎన్నో రెట్లు పెద్దది. కొలవాలంటే ముక్కలు కడిగి, నాలుగైదింటిని కలిపి 1 శాతం ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌లో నానబెట్టి, ఊడొచ్చినదాన్ని ప్రొటీన్ కొలిచే మైక్రో బీసీఏ కిట్‌తో చూడాలి. అది లేకపోతే ఈ కొలత వదిలేయండి, నష్టం లేదు. బీఎస్‌ఏ పూసిన తర్వాత కాంటాక్ట్ యాంగిల్ మళ్లీ కొలిస్తే పొర పడిందో లేదో చాలావరకు తెలుస్తుంది.

5. బ్యాక్టీరియా పెట్టడం

రాత్రి టీఎస్‌బీలో (ట్రిప్టిక్ సోయ్ బ్రాత్ అనే మీడియంలో) కల్చర్ పెంచండి. పొద్దున 1 శాతం గ్లూకోజ్ కలిపిన కొత్త టీఎస్‌బీలోకి 100 రెట్లు పలచన చేయండి. గ్లూకోజ్ ఉంటే ఈ స్ట్రెయిన్ జిగురు బాగా కడుతుంది. వెల్‌కి 1 మిల్లీలీటరు, 24 గంటలు, 37 డిగ్రీలు, కదపకుండా. ప్లేటుని తడి టిష్యూ పరిచిన మూతడబ్బాలో పెట్టండి, లేకపోతే అంచు వెల్స్ ఆరిపోయి వాటి రీడింగు మిగతావాటితో కలవదు.

సిలికాన్‌తో ఒక ఇబ్బంది ఉంది. నీళ్లని తోసేది కాబట్టి మునగదు, మీడియం పైన పడవలా తేలుతుంది. అలా వదిలేస్తే పైముఖం గాలిలోనే ఉంటుంది, అక్కడ బ్యాక్టీరియా ఉండదు, మీరు సిలికాన్ గొప్పదని రాసేస్తారు. ముందు 70 శాతం ఇథనాల్‌తో తడిపి, అది ఆరకముందే పీబీఎస్ పోసి, మూడుసార్లు పీబీఎస్ మార్చి, ఆ తర్వాత మీడియం పోస్తే అడుగున కూర్చుంటుంది. ఇథనాల్ దశ గాజుకీ స్టీలుకీ కూడా చేయండి, లేకపోతే పోలిక చెడుతుంది. బీఎస్‌ఏ పూసే గుంపుకైతే ఈ తడపడం అంతా పూతకి ముందే అయిపోవాలి.

ప్రతి మెటీరియల్‌కీ బ్యాక్టీరియా లేని మీడియం మాత్రమే పోసిన ముక్కలు కనీసం మూడు ఉండాలి. ఎందుకో ఏడో అడుగులో తెలుస్తుంది.

6. కడగడం, అసలు గండం ఇక్కడే

ముక్కని ఫోర్సెప్స్‌తో మీడియంలోంచి లాగి, పీబీఎస్‌లో ముంచి తీస్తే ఏమవుతుంది? గాలికీ నీళ్లకీ మధ్య ఉన్న గీత ముక్క మీదుగా జారుతూ, చీపురు ఊడ్చినట్టు, గట్టిగా పట్టుకోని బ్యాక్టీరియాని లాక్కుపోతుంది. ఒక్కో మెటీరియల్ మీద ఒక్కోలా లాక్కుపోతుంది, అదీ చిక్కు. కాబట్టి ముక్కని బయటికి తీయకుండానే కడగండి. వెల్‌లోంచి సగం మీడియం పిపెట్‌తో గోడవైపు నుంచి మెల్లగా తీసి, అంతే పీబీఎస్ గోడవెంట పోయండి. ఇలా ఆరుసార్లు చేస్తే తేలే కణాలు 64వ వంతుకి తగ్గుతాయి. ముక్క ఎప్పుడూ మునిగే ఉంటుంది. చివర్లో ఒక్కసారి మాత్రం ఎత్తక తప్పదు, అందరికీ ఒకే వేగంతో ఎత్తండి, ఒక్క మనిషే చేయండి. ఇద్దరు కలిసి చేస్తే ఇద్దరి చేతుల తేడా ఫలితంలో కనబడుతుంది.

7. ఊదారంగు

ఇప్పుడు పాచికి ఊదారంగు వేసి ఎంతుందో కొలుస్తాం. ఎత్తిన ముక్కని తప్పకుండా కొత్త ప్లేటులోకి మార్చండి. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఒక ప్రాజెక్టులో నెలరోజుల రీడింగులు మేం పారేయాల్సి వచ్చింది, ఎందుకంటే రంగు వేసింది పాత వెల్‌లోనే. ముక్కలన్నీ ఒకేలా ఊదాగా వచ్చాయని సంబరపడ్డాం. ఒకరోజు ముక్క తీసేసి ఖాళీ వెల్ చూస్తే అడుగున, గోడమీద గుండ్రంగా చిక్కటి ఊదా వలయం. ప్లాస్టిక్ వెల్ కూడా ఉపరితలమే కదా, దానికీ పాచి పట్టింది. మేం కొలిచింది అదే.

కొత్త వెల్‌లో మెథనాల్ పోసి 15 నిమిషాలు ఉంచి తీసేసి ఆరనివ్వండి. 0.1 శాతం క్రిస్టల్ వయొలెట్ 15 నిమిషాలు. నీళ్లతో, రంగు రావడం ఆగేదాకా కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ముక్కని మళ్లీ ఇంకో కొత్త వెల్‌లోకి మార్చి, 30 శాతం ఎసిటిక్ యాసిడ్ 1 మిల్లీలీటరు పోసి 15 నిమిషాలు ఉంచితే రంగు ద్రావణంలోకి దిగుతుంది. అది 550 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటుందో (అబ్జార్బెన్స్) చదవండి. ప్లేట్ రీడర్ లేకపోతే మామూలు స్పెక్ట్రోఫోటోమీటర్‌లో క్యువెట్‌తో చూడొచ్చు. 1998లో ఓ'టూల్, కోల్టర్ ఉపరితలానికి అంటుకోలేని సూడోమోనాస్ బ్యాక్టీరియా మ్యుటెంట్లని (జన్యువు మారినవాటిని) ఏరింది దాదాపు ఇంత సులువైన పద్ధతితోనే. రీడింగు 2 దాటితే పలచన చేసి మళ్లీ చదవండి.

ఇప్పుడు ఖాళీ ముక్కల, అంటే అయిదో అడుగులో మీడియం మాత్రమే పోసిన ముక్కల సంగతి. బ్యాక్టీరియా లేకపోయినా మెటీరియల్ తానే కొంత రంగు పీల్చుకుంటుంది, మీడియం ప్రొటీన్ ఇంకొంత పీలుస్తుంది. ఏ మెటీరియల్ రీడింగులోంచి ఆ మెటీరియల్ ఖాళీ ముక్క రీడింగునే తీసేయాలి. గాజు ఖాళీ ముక్కని అందరికీ కామన్‌గా వాడొద్దు. స్ట్రెయిన్లని బలహీన, మధ్యస్థ, బలమైన అని విడగొట్టే కేటగిరీలు పేపర్లలో కనిపిస్తాయి. అవి ప్లాస్టిక్ ప్లేటులో స్ట్రెయిన్లని పోల్చడానికి పెట్టినవి, మెటీరియల్స్‌ని పోల్చడానికి వాడొద్దు.

8. బతికున్నవి ఎన్ని

క్రిస్టల్ వయొలెట్ బతికినదానికీ చచ్చినదానికీ జిగురుకీ ఒకేలా అంటుతుంది. కాబట్టి ఇంకో సెట్ ముక్కలకి రంగు వేయకుండా లెక్కపెట్టాలి. కడిగిన ముక్క అడుగు ముఖాన్నీ అంచుల్నీ స్టెరైల్ కాటన్ స్వాబ్‌తో తుడిచేయండి, పైముఖం 1 చదరపు సెంటీమీటరు మిగులుతుంది. 1 మిల్లీలీటరు పీబీఎస్‌లో వేసి సోనికేటర్ బాత్‌లో పెట్టి, తర్వాత వోర్టెక్స్ (గిరగిరా కుదిపే యంత్రం) మీద కలపండి. సోనికేషన్ ఎంతసేపన్నది మీ బాత్‌ని బట్టి ఉంటుంది. 1, 3, 5 నిమిషాలు చేసి ఎక్కడ కౌంట్ ఎక్కువొచ్చిందో అది పట్టుకోండి, ఎక్కువైతే కణాలే పగులుతాయి. పదేసి రెట్లు పలచన చేస్తూ అగర్ ప్లేటు (జెల్లీలా గట్టిపడిన మీడియం) మీద 0.1 మిల్లీలీటరు పరచండి. 10 వేల రెట్ల పలచన ప్లేటులో 42 కాలనీలు వస్తే, చదరపు సెంటీమీటరుకి 42 లక్షలు, లాగ్‌లో (బేస్ 10) 6.62. సగటులు, పోలికలు అన్నీ లాగ్ విలువలతోనే చేయండి.

ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని) ఫొటో దొరికితే సంతోషమే గానీ, దాని కోసం ఆల్కహాల్‌తో నీళ్లన్నీ లాగేస్తారు కాబట్టి జిగురు ముడుచుకుపోయి దారాల్లా కనిపిస్తుంది. ఫొటో చూసి జిగురు ఎంతుందో చెప్పొద్దు.

9. ఎన్నిసార్లు చేస్తే చాలు

ఒకే ఫ్లాస్కులోంచి, ఒకే రోజు పెట్టిన మూడు ముక్కలు మూడు ప్రయోగాలు కావు, ఒకే ప్రయోగాన్ని మూడుసార్లు చదవడం. మూడు వేర్వేరు రోజులు, వేర్వేరు కాలనీల నుంచి కల్చర్ పెట్టి చేస్తేనే అవి మూడు. ఒక్కో రోజు మూడు ముక్కల సగటు తీసి, ఆ మూడు సగటుల మీదే స్టాటిస్టికల్ టెస్ట్ చేయండి. వైవాలో అందరూ ఇక్కడే దొరికిపోతారు.

10. తక్కువ పట్టిందంటే?

అంటుకోలేదా, చచ్చిపోయిందా? రాగి ముక్క పెడితే పాచి తక్కువే వస్తుంది, కానీ రాగి అంటుకోకుండా చేయలేదు, చంపేసింది. రాగి చెంబులో రాత్రంతా ఉంచిన నీళ్లలో బ్యాక్టీరియా తగ్గడానికి కారణం కూడా నీళ్లలోకి దిగే రాగి అయాన్లే. తేడా తేల్చడానికి ముక్కని ఖాళీ మీడియంలో 24 గంటలు నానబెట్టి తీసేసి, ఆ మీడియంలో బ్యాక్టీరియాని పెంచి, అది ఎంత మసకబారిందో 600 నానోమీటర్ల దగ్గర చూడండి. మామూలు మీడియంలో కంటే పెరుగుదల తక్కువుంటే ముక్కలోంచి ఏదో కారుతోందని అర్థం. మామూలుగానే పెరిగితే, కారేదాని వల్ల చావడం లేదు, ముక్క మీద జరిగేదే కారణం.

పారేసేముందు

కల్చర్, ప్లేట్లు, స్వాబ్‌లు అన్నీ ఆటోక్లేవ్ అయ్యాకే బయటికి వెళ్లాలి. బెంచీ తుడవడానికి హైపోక్లోరైట్ వాడతాం కదా, ఎసిటిక్ యాసిడ్ కలిసిన ఊదా ద్రావణాన్ని పొరపాటున కూడా ఆ బకెట్‌లో పోయొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. దానికి వేరే సీసా పెట్టి, మీద పెద్ద అక్షరాలతో రాసి, ఫ్యూమ్ హుడ్‌లోనే ఉంచండి.